తోకతో పనిచేసే చెక్క ఓడ: ఇంట్లోనే మైన్ స్వీపర్ మోడల్ చేసుకోవడం ఎట్టా

మా చెల్లెలి కొడుకు కావలిలో తొమ్మిదో క్లాసు. పోయిన ఏడాది సైన్స్ ఎగ్జిబిషన్ అని ఇంటికొచ్చి "మామా, ఏదన్నా ఓడ చేద్దాం, మా క్లాసులో అందరూ అగ్నిపర్వతాలూ సిరంజీల జేసీబీలే చేస్తుండారు" అన్నాడు. వాడి బుర్రలో ఉండేది విమానాలు దిగే పెద్ద ఓడ. అది చూడ్డానికి బానే ఉంటది గానీ టేబుల్ మీద పెట్టాక చెప్పేదానికి ఏముంది, ఇది ఫిరంగి ఇది జెండా అని రెండు ముక్కలు, అంతే. అందికే మైన్ స్వీపర్ చేద్దాం రా అన్నా. సముద్రంలో శత్రువు పెట్టిపోయిన మైన్లని, అంటే ఓడల్ని పేల్చే బాంబుల్ని, ఊడ్చే చిన్న ఓడ. దీంట్లో అసలు విషయం ఓడలో ఉండదు, ఓడ వెనకాల నీళ్ళలో ఈడ్చుకుపోయే సరంజామాలో ఉంటది, అంటే తోకలో. తోక పనిచేసేలా చేస్తే నీళ్ళలో వేసి చూపించొచ్చు, చూసేవాళ్ళు కూడా నిలబడి చూస్తారు. ఒకసారి చెడగొట్టి, రెండోసారి కుదిరించాం కాబట్టి ఎక్కడెక్కడ దెబ్బ తింటారో కూడా చెప్తా.

ముందు ఏ ఓడ అనేది తేల్చుకోండి. మేం తీసుకుంది రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నేవీ వాడిన మోటార్ మైన్ స్వీపర్, పొట్టిగా ఎం.ఎం.ఎస్. అంటారు, నావికులు ముద్దుగా మిక్కీ మౌస్ అనేవాళ్ళంట. ఇందులో చిన్న రకం 105 అడుగుల క్లాసు, పెద్దది 126 అడుగుల క్లాసు. చిన్నవే రెండొందలకి పైన కట్టారు. పూర్తిగా చెక్క ఓడ, డీజిల్ ఇంజను, 11 నాట్ల లోపే పోతది, అంటే గంటకి 20 కిలోమీటర్లు, మన ఊరి ఆటో కంటే నిదానం. మనుషులు 20 మంది. చేపల పడవలు, షికారు పడవలు కట్టే చిన్న చిన్న యార్డుల్లో కట్టగలిగేలా డిజైన్ చేశారు, అందుకే అన్ని వచ్చాయి, ఇనుము పనోళ్ళూ పెద్ద షిప్ యార్డులూ యుద్ధనౌకలతోనే తలమునకలుగా ఉండారు అప్పుడు.

కొంతమంది ఇంకా పెద్దది కావాలంటారు, అట్టాంటోళ్ళు బాథర్స్ట్ క్లాసు మైన్ స్వీపర్లు చూడండి, ఆస్ట్రేలియాలో 60 కట్టారు, అందులో 4 మన రాయల్ ఇండియన్ నేవీకి వచ్చాయి. వాటిల్లో బెంగాల్ అనే ఓడ 1942 నవంబరు 11న హిందూ మహాసముద్రంలో ఒండినా అనే డచ్ ఆయిల్ ట్యాంకర్ కి కాపలాగా పోతా రెండు జపాన్ రైడర్ ఓడలకి, అంటే సరుకు ఓడల మీద పడి దాడి చేసే ఓడలకి, ఎదురుపడింది, వాటికి పెద్ద ఫిరంగులు, దీనికి ఒకే ఒక్క చిన్న ఫిరంగి, అయినా రైడర్లలో ఒకటి మునిగింది, ఇవి రెండూ బతికి బయటపడ్డాయి. కథ బ్రహ్మాండంగా ఉంటది గానీ అది ఇనుప ఓడ, మనం చూపించబోయే ప్రయోగానికి చెక్క ఓడే కావాలి. ఎందుకో కిందకి పోతే తెలుస్తది.

కొలతలు. మేం చేసింది చిన్న రకం, పేరులో 105 అడుగులని ఉన్నా అసలు ఓడ ఈ చివర నుంచి ఆ చివరకి 119 అడుగులు, వెడల్పు 23 అడుగులు, నీళ్ళలో మునిగేది వెనక వైపు దాదాపు 9 అడుగులన్నర. ఒకటికి వంద స్కేలు పెట్టుకుంటే లెక్క తేలిక, పొడుగు 36 సెంటీమీటర్లు, వెడల్పు 7, మునిగేది 3 లోపు. ఇక్కడే మేం మొదటిసారి బోల్తా పడింది. అసలు ఓడ బరువు సుమారు 165 టన్నులు. పొడుగు వందో వంతైతే బరువు కూడా వందో వంతు అనుకున్నాడు మావాడు, నేను కూడా ఆలోచించకుండా ఊ అన్నా. కాదు గదా, పొడుగు వంద రెట్లు తగ్గింది, వెడల్పు వంద రెట్లు తగ్గింది, ఎత్తు వంద రెట్లు తగ్గింది, మూడూ కలిపితే పది లక్షల రెట్లు. 165 టన్నులు కాస్తా 165 గ్రాములైంది. అంటే మోడల్ మొత్తం, రంగుతో సహా, రెండొందల గ్రాముల లోపు ఉండాలి. మేం పలకలు అంటించి చేసిన గట్టి చెక్క దిమ్మని చెక్కి నీళ్ళలో వదిలితే డెక్కు అంచు దాకా దిగబడి ఒక పక్కకి ఒరిగింది, అంతకుముందే జిగురు ఊడి పొరలు విడిపోవడం కూడా మొదలైంది. మామూలు తెల్ల జిగురు వాడాం మరి, అది నీళ్ళకి ఆగదు. డబ్బా మీద వాటర్ ప్రూఫ్ అని రాసున్నదే కొనండి, లేదంటే రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ జిగురు.

కాబట్టి గట్టి దిమ్మ వద్దు, లోపల బోలుగా ఉండేలా పొరలుగా చేసుకోండి. కృష్ణపట్నం పోర్టు వైపు నుంచి వచ్చే సామాన్ల ప్యాకింగ్ పెట్టెలు పాత చెక్కల అడితీల్లో దొరుకుతాయి, పైన్ చెక్క, తేలిగ్గా ఉంటది, చాకుకి మెత్తగా తెగుతది. టేకు వద్దు, బరువు. పది మిల్లీమీటర్ల మందం పలకలు ఐదు తీసుకోండి. ప్రతి పలక మీద ఓడని పైనుంచి చూస్తే ఎట్టా ఉంటదో ఆ ఆకారం గియ్యండి, అడుగు పలక సన్నగా, పైకి పోయే కొద్దీ వెడల్పుగా, అన్నిటికీ మధ్యలో ఒకే గీత ఉండాలి, ఆ గీత తప్పితే ఓడ వంకరే. అడుగు పలక తప్ప మిగతా నాలుగిట్లో లోపల భాగం కోసేయండి, అంచు ఎనిమిది మిల్లీమీటర్లు వదిలి. అంటే రింగుల్లాగా వస్తాయి. అవి ఒకదాని మీద ఒకటి అంటించి, వడ్రంగి బిగింపు లేకపోతే రెండు రుబ్బురోలు పొత్రాలు బరువు పెట్టి ఒక రోజంతా వదిలేస్తే లోపల బోలుగా ఉండే తొట్టి వస్తది, బయటి మెట్లు మెట్లుగా ఉన్నది ఆకురాయితో, తర్వాత ఉప్పుకాగితంతో నునుపు చెయ్యడమే. ముందు భాగంలో డెక్కు కొంచెం పైకి లేచి ఉంటది, దానికి ముక్కు దగ్గర ఆరో పలక ముక్క ఒకటి అంటించండి.

నునుపు చేసేటప్పుడు తొందర పడొద్దు. అరచెయ్యి ఓడ పక్కన పెట్టి కళ్ళు మూసుకుని ముందు నుంచి వెనక్కి రాయండి, కంటికి కనపడని గుంటలు చేతికి తగుల్తాయి. పాతకాలం చెక్క పడవల పని చేసిన పెద్దాయన ఒకాయన చెప్పింది ఇది. ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు, పలకల మధ్య సందులుంటే పత్తి కూరి గుగ్గిలం నూనె పట్టించేవాళ్ళంట, మనకి అంత అక్కర్లేదు, సందులో ఎంసీల్ పెట్టి, లోపలా బయటా రెండు పూతలు వార్నిష్ కొడితే చాలు. డెక్కు మాత్రం అప్పుడే అంటించొద్దు, బరువు సర్దాలి గదా.

బరువుకి వలలకి కట్టే సీసం గుండ్లు వాడుకోండి, వలల సామాను అమ్మే చోట తూకానికి ఇస్తారు. నీళ్ళలో వదిలి, అడుగున మధ్య గీత వెంబడి ఒక్కొక్క గుండూ పెడతా, మీరు గీసుకున్న నీటి గీత దాకా మునిగేదాకా చూడండి. ముక్కు కంటే వెనక భాగం రవ్వంత ఎక్కువ మునగాలి. వేలితో ఒక పక్కకి నొక్కి వదిలితే తిరిగి లేచి నిలబడాలి, లేచి నిలబడకపోతే పైన బరువెక్కువైనట్టు. కుదిరాక గుండ్లని ఎంసీల్ తో కదలకుండా అతికించి అప్పుడు పల్చటి ప్లైవుడ్ తో డెక్కు మూసేయండి. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోమని పిల్లలకి చెప్పండి, అట్టాగే వెళ్ళి జంతికలు తింటారు లేకపోతే.

డెక్కు మీద ఎక్కువ లేదు. మధ్యలో ఓడ నడిపే వీల్ హౌస్ గది, దాని వెనక చిన్న పొగగొట్టం, ముందొక స్తంభం, గదికి అటూ ఇటూ మెషిన్ గన్లు, తర్వాత తర్వాత 20 మిల్లీమీటర్ల ఓర్లికాన్ గన్లు పెట్టారు. వెనక డెక్కు ఖాళీగా, అక్కడొక పెద్ద డ్రమ్ము, దారపు ఉండలాంటిది, దానికి లావాటి కేబుల్ చుట్టి ఉంటది. ఈ డ్రమ్ము బాగా చెయ్యండి, మిగతావి ఎట్టా చేసినా పర్లేదు. కుట్టు మిషన్ దారం రీలుకి నల్ల వైరు చుడితే సరిపోతది. ముక్కు దగ్గర రెండు కాళ్ళ ఫ్రేము ఒకటి, ఇంగ్లీషు ఏ అక్షరంలాగా, దాన్నుంచి ఒక డబ్బా నీళ్ళలోకి దిగేలా ఉండాలి. అదేంటో తర్వాత చెప్తా.

ఇప్పుడు సముద్రం కావాలి. ప్లాస్టిక్ టబ్బులు పొట్టి, ఓడా దాని తోకా పట్టవు. మాకు ఐడియా రొయ్యల చెరువుల దగ్గర వచ్చింది, చెరువు అడుగున పరిచే నల్ల లైనర్ షీటు తుంపులు మిగిలిపోయి ఉంటాయి, అడిగితే ఊరకే ఇచ్చారు. ఆరడుగుల పొడుగు, రెండున్నర అడుగుల వెడల్పు వచ్చేలా ఇటుకలు రెండు వరసలు పేర్చి, పైన షీటు పరిచి, ఏడు బకెట్లు నీళ్ళు పోస్తే నాలుగంగుళాల లోతు వస్తది. మూలల్లో షీటు కోయొద్దు, చీర కుచ్చిళ్ళలాగా మడవండి.

మైన్లు రెండు రకాలు చెయ్యాలి, ఎందుకంటే నిజంగానే రెండు రకాల ఊడుపు ఉంది. మొదటిది పాత రకం, ఒక గుండు నీళ్ళలో కొంచెం కింద తేలతా ఉంటది, దానికొక తాడు, తాడు చివర అడుగున బరువు. ఓడ తగిల్తే పేల్తది. దీన్ని ఊడ్చేది తీగతో. రెండోది సముద్రం అడుగున పడుకుని ఉండేది, తగలక్కర్లేదు, పైన ఇనుప ఓడ పోతే దాని అయస్కాంత ప్రభావం తెలుసుకుని పేల్తది. 1939లో యుద్ధం మొదలైన కొన్ని నెలలకే జర్మన్లు విమానాల నుంచి ఇవి జారవిడిచారు, ఇంగ్లండు రేవుల ముందు ఓడలు ఎందుకు పేల్తున్నాయో మొదట్లో అంతుపట్టలేదు. 1939 నవంబరులో షూబరీనెస్ అనే చోట బురదలో ఒక మైను పేలకుండా దొరికింది, నవంబరు 23న జాన్ ఊవ్రీ అనే నేవీ ఆఫీసరు ఇంకో ముగ్గురి సాయంతో దాన్ని విప్పాడు. విప్పేటప్పుడు ఇత్తడి పనిముట్లు వాడారు, ఇనుప స్పానరు పెడితే ఏమయ్యేదో చెప్పక్కర్లా. లోపల అయస్కాంతపు సూది కనపడింది. ఓడలు చెక్కతో కట్టాల్సిన కారణం అదీ.

మన అడుగు మైను ఇట్టా చెయ్యండి. ఎలక్ట్రికల్ షాపులో తలుపులకి పెట్టే మాగ్నెటిక్ డోర్ సెన్సార్ అడగండి, రెండు ముక్కలుంటాయి, వైర్లున్న ముక్కలో రీడ్ స్విచ్ అనేది ఉంటది, దగ్గరికి అయస్కాంతం వస్తే లోపల రెండు రేకులు అతుక్కుని కరెంటు పారతది. దానికి ఒక ఎర్ర ఎల్ఈడీ, ఒక బిళ్ళ బ్యాటరీ, మూడు వోల్టులది, వరసగా కలపండి. ఎల్ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపు. అయస్కాంతం దగ్గరికి తెస్తే వెలగాలి, తీస్తే ఆరాలి, మూసేసే ముందే ఇది పదిసార్లు చూసుకోండి, మేం ఒకటి మూసేశాక చూస్తే బ్యాటరీ తిరగేసి ఉంది. ఇదంతా తెల్ల ప్లాస్టిక్ మాత్రల డబ్బాలో, సెన్సారూ ఎల్ఈడీ పైకి ఉండేలా పెట్టి, మూత చుట్టూ ఎంసీల్. డబ్బాలో గాలి ఉంటది కాబట్టి తేలిపోతది, కింద సీసం గుండ్లు నాలుగు వెయ్యండి. డబ్బా పైభాగం తొట్టి అడుగు నుంచి ఐదు సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, అప్పుడు పోయే ఓడ అడుగుకీ దానికీ మధ్య రెండు సెంటీమీటర్లు ఉంటది, ఎక్కువైతే పనిచెయ్యదు తక్కువైతే తగుల్కుంటది.

ఇప్పుడు అసలు ఆట. ఇంకో ఓడ కావాలి, ఏదో బొమ్మ ఓడ, లేదంటే థర్మాకోల్ ముక్క చాలు, దాని అడుగున ఒక చిన్న గట్టి అయస్కాంతం అంటించండి, పాత ఇయర్ ఫోన్లూ హార్డ్ డిస్కుల్లో దొరుకుతాయి. ఇది ఇనుప ఓడ. దారంతో లాగితే మైను మీదకి రాగానే కింద ఎర్ర లైటు వెలిగింది, పేలినట్టు. తర్వాత మన చెక్క ఓడని లాగండి, లైటు రాదు. ఇనుప ఓడకి అయస్కాంతం ఎందుకు, ఇనుము ఉంటే చాలదా అని ఎవరో ఒకరు అడుగుతారు, మాకు అడిగారు కూడా. ఓడ నెలల తరబడి యార్డులో ఒకే దిక్కుకి నిలబడి, సుత్తి దెబ్బలు తింటా ఉంటే భూమి అయస్కాంత క్షేత్రంలో అదే ఒక పెద్ద అయస్కాంతం అయిపోతది, దాన్ని చల్లార్చడానికి ఓడ చుట్టూ వైర్ల చుట్ట తిప్పి కరెంటు పంపేవాళ్ళు, గౌస్ అనే శాస్త్రజ్ఞుడి పేరు మీద దాన్ని డీగౌసింగ్ అన్నారు. చెక్క ఓడలో కూడా ఇంజను ఇనుమే గదా, కాబట్టి దానికీ ఆ చుట్ట తప్పదు.

చెక్క ఓడ తప్పించుకుంది సరే, మైను అక్కడే ఉంది. దాన్ని పేల్చాలి, కానీ ఓడ దూరంగా పోయాక. ఇక్కడ తోక. ఓడ వెనక నుంచి రెండు కేబుళ్ళు నీళ్ళ మీద తేల్తా పోతాయి, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, రెండిటి చివర్లా నీళ్ళకి తగిలే లోహం. ఓడలోని జెనరేటర్ నుంచి వేల ఆంపియర్ల కరెంటు కొన్ని సెకన్ల పాటు వదుల్తారు, పొట్టి కేబుల్ చివర నుంచి పొడుగు కేబుల్ చివరకి ఆ కరెంటు ఉప్పునీళ్ళలో గుండా పోతది, చుట్టూ పెద్ద అయస్కాంత క్షేత్రం పుడతది, వెనక ఎక్కడో ఉన్న మైను ఓడ వచ్చిందనుకుని పేల్తది. మన ఇంటి మీటరు దగ్గర ఎంసీబీ 32 ఆంపియర్లకే పడిపోతది, దాంతో పోల్చుకోండి. రెండు ఓడలు పక్కపక్కన పోతా ఒకేసారి కరెంటు వదిలితే మధ్యలో బోలెడంత జాగా ఊడ్చుకుపోవచ్చు, డబుల్ ఎల్ అనేవాళ్ళు దీన్ని.

మోడల్లో అంత కరెంటు కుదరదు కాబట్టి తోక చివర థర్మాకోల్ బిళ్ళ కట్టి, దాని కింద మూడు సెంటీమీటర్ల దారంతో అయస్కాంతం వేలాడదీయండి. తోక పొడుగు ఓ 40 సెంటీమీటర్లు. ఓడ మైను మీదుగా పోయినప్పుడు చీకటి, ఓడ దాటి రెండు జానలు ముందుకెళ్ళాక వెనక ఎర్ర లైటు. మొదటిసారి అది వెలిగినప్పుడు మావాడు వీధి చివర దాకా వినపడేలా అరిచాడు.

ఉప్పునీళ్ళలో కరెంటు పోతదా అని అనుమానం ఉన్నోళ్ళకి పక్కన ఒక గాజు గ్లాసు పెట్టుకోండి. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక ఎల్ఈడీ, దానికి 470 ఓమ్స్ రెసిస్టర్, రెండు వైర్ల చివర్లు గ్లాసులో. ఆర్వో ప్లాంటు నీళ్ళు పోస్తే ఎల్ఈడీ వెలిగీ వెలగనట్టు ఉంటది, చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాలి. ఇస్కపల్లి వైపు మడుల్లో పండిన కళ్ళుప్పు చిటికెడు వెయ్యండి. ఉప్పు కరిగి కిందకి తీగలు తీగలుగా దిగతా ఉంటే ఎల్ఈడీ మెల్లగా ఎక్కువవతా, చెంచాతో తిప్పగానే భగ్గుమంటది. వైర్ల చివర చిన్న బుడగలు వస్తాయి, ఈత పూల్ వాసన కొద్దిగా వస్తది, అది క్లోరిను, అర నిమిషం చూపించి తీసెయ్యండి, ఎక్కువసేపు పెట్టొద్దు. ఇంట్లో ప్లగ్గు కరెంటుతో ఈ పని ఎవరూ చెయ్యొద్దు, బ్యాటరీతోనే.

ముక్కు దగ్గర డబ్బా సంగతి. 1940లో జర్మన్లు శబ్దానికి పేలే మైన్లు కూడా తెచ్చారు, ఓడ ఫ్యాన్ చప్పుడు విని పేల్తాయి. దానికి విరుగుడు రోడ్డు పగలగొట్టే కరెంటు సుత్తిలాంటిది డబ్బాలో పెట్టి ముక్కు ముందు నీళ్ళలోకి దించి డబడబలాడించడం, ఆ మోతకి మైను ఓడ దగ్గరికి రాకముందే పేల్తది. పాడైపోయిన సెల్ ఫోన్లో వైబ్రేటర్ మోటారు ఉంటది, దాన్ని చిన్న డబ్బాలో మూసి ఫ్రేముకి వేలాడదీస్తే నీళ్ళ మీద సన్న అలలు గుండ్రంగా వస్తాయి. చూపించడానికి అది చాలు.

ఇక తీగతో ఊడ్చేది. ఈ పని ఎక్కువగా పెద్ద మైన్ స్వీపర్లదీ, వల ఈడ్చే చేపల ఓడలైన ట్రాలర్లదీ, మన చిన్న ఓడ ముఖ్యంగా అయస్కాంతం, శబ్దం రకాల కోసమే పుట్టింది, అయినా చూపించే సౌకర్యం కోసం ఒకే ఓడకి రెండూ పెట్టాం, తెలిసినోళ్ళు తిట్టుకోండి పర్లేదు. దీన్ని ఓరోపెసా స్వీప్ అంటారు, మొదట దీన్ని పరీక్షించిన ట్రాలర్ ఓడ పేరది. ఓడ వెనక నుంచి పొడుగాటి ఉక్కు తీగ, రంపంలాగా గరుకుగా పేనింది, మధ్యమధ్యలో కత్తెర్లు. తీగ చివర నీళ్ళలో ఒక పలక, దాని పేరు ఆటర్, అది తీగని ఓడ నుంచి పక్కకి లాక్కుపోతది. ఓడ దగ్గర ఇంకో పలక, దాని పేరు కైట్, అది తీగని కిందకి తొక్కి పెడతది. చివర పైన ఒక బుంగ తేల్తా జెండాతో ఎక్కడుందో చూపిస్తది. మైను తాడు ఈ తీగకి తగిలి జారి జారి కత్తెర్లో పడి తెగుతది, గుండు పైకి తేల్తది, డెక్కు మీద నుంచి రైఫిళ్ళతో కాల్చి ముంచేస్తారు. తాడు తెగిన మైను తనంతట తనే నిరపాయం అయిపోవాలని 1907 హేగ్ ఒప్పందంలో రాసుకున్నారు లెండి, ఆ మాట నమ్మి దగ్గరికి పోయేవాడెవడు.

ఈ ఆటర్ పలక కుదరడానికి మాకు రెండు ఆదివారాలు పట్టింది. కూల్ డ్రింక్ టిన్ను రేకు మూడు సెంటీమీటర్లు బై రెండు కత్తిరించి, అంచులు మడిచి, నాలుగు మూలలా దారాలు కట్టి ఒక ముడి వేశాం. లాగితే పక్కకి పోకుండా బొంగరంలాగా తిరుగుతా ఉంది. సీసం గుండ్లు ఇంకో నాలుగు కావాల్సి వచ్చి జువ్వలదిన్నె పోయినప్పుడు అది జేబులోనే ఉంది, వల బాగుచేసుకుంటన్న ఒక పెద్దాయనకి చూపించా.

"ఇది మా వల బోర్డే గదా అబ్బయా. ఒకటే ఉందేంది?"

"ఒక పక్కకే లాగాలి మామా, తిరిగిపోతంది."

ఆయన చేతిలోకి తీసుకుని తిప్పి చూసి "అన్ని దారాలూ సమానం కడితే తిరగక ఏం చేస్తది, ముందు రెండూ పొట్టి చెయ్, వెనక రెండూ పొడుగు ఉంచు" అని అక్కడే పళ్ళతో ముడి ఊడదీసి మళ్ళీ కట్టిచ్చాడు.

ఇంటికొచ్చి నీళ్ళలో లాగితే గాలిపటం ఎగిరినట్టు పక్కకి పోయింది. ట్రాలింగ్ వల నోరు తెరుచుకుని ఉండటానికి రెండు పక్కలా కట్టే బోర్డులదీ దీనిదీ ఒకటే సూత్రం. అసలు మైన్ స్వీపింగ్ మొదలైనప్పుడు చేపల ట్రాలర్లనే తీసుకున్నారు, రెండో యుద్ధంలో కూడా చేపలోళ్ళని చేర్చుకుని లోస్టాఫ్ట్ కేంద్రంగా రాయల్ నేవల్ పేట్రోల్ సర్వీస్ అని ఒక విభాగమే నడిపారు, తాడూ బోర్డూ తెలిసినోళ్ళకి ఇది కొత్తగా నేర్పక్కర్లేదు గదా. కైట్ కూడా ఇదే పలక, కిందకి దిగేలా పడుకోబెట్టి కట్టడమే తేడా.

తాడు మైనుకి పింగ్ పాంగ్ బంతి నల్ల రంగు వేసి, దారం కట్టి, దారం కింది చివర ఉచ్చు వెయ్యండి. అడుగున బరువుకి వంచిన గుండుసూది ఒకటి, ఉచ్చు దానికి వదులుగా తగిలించాలి. మన తీగ తగిలి పక్కకి లాగితే ఉచ్చు జారి బంతి టప్పున పైకొస్తది. మొదట మేం తీగకి బ్లేడు ముక్కలు అంటించాం, నిజంగా తెగితే బాగుంటదని, మావాడి వేలే ముందు తెగింది. బ్లేడు వద్దు.

రంగు బూడిద రంగు, మెరవకుండా. నంబరు మీ ఇష్టం, మేం 154 రాసుకున్నాం. దేశ విభజనలో నేవీ ఓడలు పంచుకున్నప్పుడు ఈ మోటార్ మైన్ స్వీపర్లు 130, 132, 151, 154 మన వాటాకి వచ్చాయి, 129, 131 పాకిస్తాన్ కి పోయాయి. అదే పంపకంలో స్లూప్ అనే చిన్న యుద్ధనౌకల్లో కిస్ట్నా మనకి మిగిలి గోదావరి అటు పోయింది, పేరు కూడా సింధ్ అని మార్చుకున్నారు. తర్వాత 1950ల్లో మన నేవీ కొన్న మైన్ స్వీపర్లకి కాకినాడ, బిమ్లీపట్నం అని మన రేవుల పేర్లే పెట్టారు, ఆ పేర్లు రాసుకోవాలంటే ఓడ ఆకారం వేరు, కాకినాడ టన్ క్లాసు, బిమ్లీపట్నం హామ్ క్లాసు, అవి చూసి చెయ్యండి.

చూపించే రోజు వరస ఇట్టా పెట్టుకోండి. ముందు ఇనుప ఓడ, లైటు. తర్వాత చెక్క ఓడ తోక లేకుండా, లైటు లేదు. తర్వాత తోకతో. ఒక్కసారి లాగి సముద్రం శుభ్రమైంది అనొద్దు, కొన్ని జర్మన్ మైన్లలో లెక్క పెట్టే యంత్రం ఉండేది, 12 ఓడల దాకా పోనిచ్చి అప్పుడు పేలేవి, అందుకని ఊడ్చిన దారినే మళ్ళీ మళ్ళీ ఊడ్చేవాళ్ళు. 1944లో బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవు మిత్రదేశాల చేతికొచ్చినా దానికి దారైన షెల్ట్ నది ఊడ్చేదానికే మూడు వారాలు పట్టింది, మొదటి కాన్వాయ్, అంటే ఓడల గుంపు, లోపలికి పోయింది నవంబరు 28న. పిల్లల్ని పిలిచి వాళ్ళ చేతికే దారం ఇవ్వండి, నిదానంగా లాగమనండి, గుంజితే ఆటర్ పైకి తేలిపోతది. తాడు మైను ఆట చివర్లో పెట్టుకోండి, ఎందుకంటే ఉచ్చు మళ్ళీ తగిలించాలంటే మోచేతి దాకా నీళ్ళలో పెట్టాలి, చొక్కా తడుస్తది.

అయిపోయాక ఓడని నీడలో తలకిందులుగా ఆరబెట్టండి, ఎండలో పెడితే పలకలు పగుల్తాయి. మాత్రల డబ్బాల్లో బ్యాటరీలు తీసెయ్యండి. తొట్టి నీళ్ళు మామూలు నీళ్ళే కాబట్టి కొబ్బరిచెట్టుకి పోసుకోవచ్చు, ఉప్పు గ్లాసు మాత్రం మోరీలో పారబొయ్యండి, మా అమ్మ గులాబీ కుండీలో పోసి వారం రోజులు తిట్లు తిన్నాం.